రంగు ఒలికిస్తే బొమ్మ: ఏ పద్ధతి మేలు?

పిల్లలూ! కుంచె ముట్టుకోకుండా బొమ్మ వేయటం మీరు చూసే ఉంటారు. నాలుగైదు రంగుల్ని పలచగా కలుపుతారు. ఒక గ్లాసులో ఒకదానిమీద ఒకటి పోస్తారు. గ్లాసును పలక మీద బోర్లించి పైకెత్తుతారు. తర్వాత పలకను అటూ ఇటూ వంచుతారు. రంగులు పారి, ఒకదాన్నొకటి చీల్చుకుని, పాలరాతి చారల్లాగా, నెమలి కన్నుల్లాగా, తేనెపట్టు గదుల్లాగా విడిపోతాయి. ఈ పనికి ఎక్కువగా వాడేది ఆక్రిలిక్ రంగు. సెల్‌ఫోనుల్లో ఈ వీడియోలు కుప్పలు తెప్పలు. చేసి చూపించేవాళ్ళలో చాలామంది మురిసిపోతూ ఒక మాట అంటారు: "ఎలా వస్తుందో ఎవరికీ తెలీదు, అంతా అదృష్టం!"

ఇక బళ్ళో డ్రాయింగు మాస్టారు ఉంటారు. ఆయన దీన్ని చూసి పెదవి విరుస్తారు. "గీత గీయటం రానివాళ్ళు చేసే పని ఇది. రంగు పోసి పలక ఊపితే చిత్రకళ అయిపోతుందా?" అంటారు.

ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో ఉన్నట్టు కనిపిస్తారు. కాని ఇద్దరి నమ్మకమూ ఒకటే. రంగు తన ఇష్టం వచ్చినట్టు పోతుంది, అందులో మనిషి చేసేదేమీ లేదు అని. నేను దీన్ని ఒప్పుకోను. రంగు తన ఇష్టం వచ్చినట్టు పోదు. దానికి బరువుంది, చిక్కదనం ఉంది, ఆరే వేగం ఉంది. మూడూ కొలవదగినవే. కొలిచి చేస్తే ఇది బళ్ళో చేయదగ్గ మంచి పని. కొలవకుండా చేస్తే డబ్బు పోసి కొన్న రంగును మురిక్కాలవకు అప్పగించటమే. కాబట్టి ఏ పద్ధతితో మొదలుపెట్టాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. గ్లాసు బోర్లించే పద్ధతితో మాత్రం మొదలుపెట్టకూడదని నా వాదన. ఎందుకో చెబుతాను.

ముందు కొంచెం చరిత్ర చూద్దాం. ఈ సంగతి సెల్‌ఫోన్ల కాలంలో పుట్టింది కాదు. డేవిడ్ అల్ఫారో సికేరోస్ అని మెక్సికో దేశపు చిత్రకారుడు ఉండేవాడు. పెద్ద పెద్ద గోడల మీద బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన 1936లో న్యూయార్కులో ఒక చిత్రశాల తెరిచాడు. దానికి ప్రయోగశాల అనే పేరే పెట్టాడు. అక్కడ చేరిన కుర్రవాళ్ళలో జాక్సన్ పొలాక్ ఒకడు. తర్వాతి రోజుల్లో నేల మీద గుడ్డ పరిచి రంగు ధారలు కార్చి ప్రపంచ ప్రసిద్ధుడైన పొలాక్ ఇతనే.

ఇప్పటి ఆక్రిలిక్ రంగులు అప్పటికి ఇంకా రాలేదు. నీళ్ళతో కలిపే ఆక్రిలిక్ రంగులు 1950ల్లో గాని బజారుకు రాలేదు. సికేరోస్ వాడింది మోటారు కార్లకు పూసే నైట్రోసెల్యులోజ్ రంగు. చెక్క పలకను నేలమీద పరిచి, ఒక రంగు పోసి, అది తడిగా ఉండగానే దాని మీద ఇంకో రంగు పోశాడు. కాసేపటికి పై రంగును చీల్చుకుంటూ కింది రంగు మచ్చలు మచ్చలుగా పైకి తేలింది. ఎవరూ గీయని ఆకారాలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. ఆయన ఉబ్బితబ్బిబ్బై దీనికి "యాదృచ్ఛిక చిత్రణ" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే ఏడు వేసిన "సామూహిక ఆత్మహత్య" అనే పెద్ద చిత్రంలో ఈ పద్ధతి వాడాడు. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

పేరులో యాదృచ్ఛికం ఉంది సరే. పని కూడా యాదృచ్ఛికమేనా? ఈ ప్రశ్నకు జవాబు రావటానికి దాదాపు 80 ఏళ్ళు పట్టింది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర చదివినవాళ్ళూ, ద్రవాల చలనాన్ని పరిశోధించేవాళ్ళూ ఒకచోట కూర్చుని సికేరోస్ చేసిన పనిని మళ్ళీ చేసి చూశారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. రంగు పొరల మందం కొలిచారు, సాంద్రత కొలిచారు, చిక్కదనం కొలిచారు, పై నుంచి ఫోటోలు తీశారు. తేలింది ఏమిటంటే, బరువైన రంగు పైన, తేలికైన రంగు కింద ఉంటేనే ఆ మచ్చలు పుడతాయి. వరస తారుమారు చేస్తే రెండు పొరలూ బుద్ధిగా అలాగే ఉండిపోతాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. ఇందులో అదృష్టం ఎక్కడుంది చెప్పండి!

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవటానికి మీకు బాగా తెలిసిన ప్రయోగం ఒకటి గుర్తుచేస్తాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి, మూతి మీద పోస్టుకార్డు పెట్టి, చేత్తో పట్టుకుని తలకిందులు చేస్తాం. చెయ్యి తీసేసినా కార్డు పడదు, నీళ్ళు పడవు. గాలి పీడనం మోస్తున్నదని పుస్తకంలో రాసి ఉంటుంది. నిజమే. గాలి పీడనం 10 మీటర్ల ఎత్తు నీటిని మోయగలదు, గ్లాసెడు నీళ్ళు దానికొక లెక్క కాదు. సరే, మరి కార్డు లాగేస్తే నీళ్ళు ఎందుకు పడిపోతాయి? గాలి పీడనం అప్పుడూ అంతే ఉంది కదా?

ఈ ప్రశ్న అడగాల్సినంతగా ఎవరూ అడగరు. జవాబు ఇదీ. నీటి అడుగుతలం అద్దంలా చదునుగా ఉండిపోతే గాలి దాన్ని మోస్తూనే ఉంటుంది. కాని చదునుగా ఉండటం కుదరదు. ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి ఉబ్బు వస్తుంది. బరువైన నీరు కిందికి కొంచెం జారిన చోట ఇంకాస్త జారుతుంది. పక్కన తేలికైన గాలి కొంచెం పైకి చొచ్చుకుపోతుంది, ఇంకాస్త చొచ్చుకుపోతుంది. ఉబ్బు నిమిష నిమిషానికి కాదు, కన్నుమూసి తెరిచేంతలో పెరిగిపోతుంది. నీళ్ళు భళ్ళున పడతాయి. కార్డు చేసే అసలు పని నీటిని మోయటం కాదు, ఆ ఉబ్బు పుట్టకుండా చూడటం.

బరువైన ద్రవం తేలికైన ద్రవం మీద నిలబడలేకపోవటాన్ని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. రేలీ ప్రభువు 1883లో దీన్ని గణితంతో లెక్కకట్టాడు. జి.ఐ. టేలర్ 1950లో దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1961లో రాసిన పెద్ద గ్రంథంలో చిక్కటి ద్రవాల్లో ఇది ఎలా పెరుగుతుందో వివరంగా లెక్క వేసి చూపించాడు. భూమి లోపల బరువైన రాళ్ళ పొరల కింద చిక్కుకున్న ఉప్పు, లక్షల ఏళ్ళ మీద గుమ్మటాల్లాగా పైకి ఉబికి రావటానికి కారణం ఇదే. 1054లో ఆకాశంలో పేలిన నక్షత్రం మిగిల్చిన పీత నెబ్యులాలో కనిపించే దారపు పోగుల్లాంటి ఆకారాలకూ ఇదే కారణం. మీ పలక మీది రంగులో జరిగేది వేరే ఏమీ కాదు. అక్కడ లక్షల ఏళ్ళు, ఇక్కడ రెండు నిమిషాలు.

రంగు పొరల్లో ఇది ఎందుకు నెమ్మదిగా జరుగుతుంది? స్నిగ్ధత వల్ల. అంటే చిక్కదనం వల్ల. నీళ్ళలాంటి రంగు చకచకా కదిలి, మచ్చలు ఏర్పడీ ఏర్పడకముందే కలిసిపోయి బురద రంగు అయిపోతుంది. గట్టి పెరుగులాంటి రంగు కదలదు, కదిలేలోపు ఆరిపోతుంది. కలిసిపోవటం ఒకవైపు, ఆరిపోవటం ఇంకోవైపు. మధ్యలో కొద్ది సమయం దొరుకుతుంది. ఆ సమయంలోనే బొమ్మ పుట్టాలి. తేనెలాగా జారే రంగు కావాలని అందరూ చెప్పేది ఇందుకే. పుల్లతో ఎత్తి ధారగా వదిలితే, పడిన చోట చిన్న గుట్టలా నిలిచి, ఒకటి రెండు సెకన్లలో మాయం కావాలి. దోశెల పిండి పోసే చేయి ఉన్నవాళ్ళకు ఈ అందాజు తొందరగా దొరుకుతుంది.

"మరి ఏ రంగు బరువో మాకెలా తెలుస్తుంది?" అని మీరు అడుగుతారు. తూచాలి. వేరే దారి లేదు. సూది లేని కొత్త ఇంజెక్షను సిరంజి ఒకటి, 10 మి.లీ.ది, కొనండి. ఖాళీ సిరంజిని బడి ప్రయోగశాల త్రాసులో తూచి రాసుకోండి. కలిపి ఉంచిన రంగును 10 మి.లీ. గుర్తు దాకా పీల్చి, బయట అంటింది తుడిచి, మళ్ళీ తూచండి. తేడాను 10తో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు రంగు 12 గ్రాములు తూగితే సాంద్రత మి.లీ.కు 1.2 గ్రాములు అన్నమాట. గాలి బుడగలు ఉంటే లెక్క తప్పుతుంది. అందుకని కలిపిన రంగును కాసేపు కదల్చకుండా ఉంచి అప్పుడు పీల్చండి.

సాధారణంగా తెలుపు బరువు తూగుతుంది. దానిలో వేసే టైటానియం డయాక్సైడ్ పొడి సాంద్రత 4.2. అంటే నీటికి నాలుగు రెట్ల పైమాట. కావిరంగులో ఉండే ఇనుప ఆక్సైడు 5 దాటుతుంది. నల్లరంగులో వేసే మసి 1.8, థాలో నీలం అనే ముదురు నీలం 1.6 మాత్రమే. ఇది చూసి వెంటనే బరువుల వరస రాసేసుకోకండి. ట్యూబులో పొడి ఎంత వేశారు, జిగురు ఎంత వేశారు, సుద్ద ఏమైనా కలిపారా అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది. పొడి సాంద్రత పుస్తకంలో దొరుకుతుంది. మీ గ్లాసులోని రంగు సాంద్రత మీ త్రాసులోనే దొరుకుతుంది.

ఇప్పుడు పద్ధతుల సంగతికి వద్దాం.

అన్నిటికన్నా సాదాది రెండు పొరల పద్ధతి. సికేరోస్ చేసింది అదే. ఒక రంగు పరిచి, దాని మీద ఇంకోటి పోయటం. వీడియోల్లో దీనికి పెద్ద గిరాకీ లేదు. ఇందులో హఠాత్తుగా బయటపడే ఆశ్చర్యం లేదు మరి, కూర్చుని చూస్తూ ఉండాలి. నాకు ఇదే నచ్చుతుంది. చూస్తూ ఉండగా తెల్లటి మడుగులో సూదిమొనంత నల్లచుక్క పుడుతుంది, పెరుగుతుంది, దాని పక్కన ఇంకోటి, చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుని, మధ్యలో తెలుపు వలలాగా మిగులుతుంది. కారణం, ఫలితం రెండూ కళ్ళముందే.

దీన్ని ఇలా చేయండి. స్నానాల గదుల్లో అతికించే నున్నటి పింగాణీ పలకలు, 10 సెం.మీ. పొడవు 10 సెం.మీ. వెడల్పువి, నాలుగు తీసుకోండి. బల్ల మట్టంగా ఉందో లేదో గోళీ పెట్టి చూడండి. నలుపు, తెలుపు రంగులు రెండింటినీ తేనె చిక్కదనానికి కలపండి. మన ఊళ్ళలో చాలామంది తెల్ల జిగురూ నీళ్ళూ కలిపి రంగును పలచన చేస్తారు, అది చాలు. మొదటి పలక మీద 10 మి.లీ. నలుపు పరిచి, మధ్యలో 10 మి.లీ. తెలుపు నెమ్మదిగా పోయండి. రెండో పలక మీద సరిగ్గా ఇదే పని తలకిందులుగా: కింద తెలుపు, పైన నలుపు. మూడో పలకకు మొదటి వరసే, కాని తెలుపులో కొంచెం నీళ్ళు ఎక్కువ. మళ్ళీ తూచటం మరిచిపోకండి, నీళ్ళు కలిపితే సాంద్రత కూడా మారుతుంది. నాలుగో పలకకూ మొదటి వరసే, పై పొర మాత్రం సగం, 5 మి.లీ. గడియారం చూసి అర నిమిషానికి ఒకసారి ఏం కనిపించిందో రాయండి. తూకంలో తెలుపు నిజంగా బరువుగా ఉంటే, మొదటి పలకకూ రెండో పలకకూ ఉన్న తేడా చూసి మీ డ్రాయింగు మాస్టారు కూడా కుర్చీ జరుపుకుని ముందుకు వస్తారు.

గ్లాసు బోర్లించే పద్ధతికి వద్దాం. అందరూ మోజుపడేది ఇదే. అందంగా రాదని నేను అనను, చాలా అందంగా వస్తుంది. కాని నేర్చుకోవటానికి ఇంత చెడ్డ పద్ధతి లేదు. ఆలోచించండి. గ్లాసులో నాలుగు రంగులు వరసగా పోస్తారు. పోసేటప్పుడే ధార వేగానికి కొంత కలిసిపోతాయి. బరువైనది పైన పడితే గ్లాసు లోపలే దిగిపోవటం మొదలెడుతుంది. బోర్లించినప్పుడు వరస తిరగబడుతుంది. గ్లాసు ఎత్తినప్పుడు మళ్ళీ ఒక కుదుపు. ఆ పైన పలక వంచుతారు, గుండ్రటి మచ్చలు కోలగా సాగుతాయి. ఇన్ని పనులు ఒకదాని మీద ఒకటి జరిగాక, ఈ మచ్చ ఎందుకు వచ్చిందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? "అంతా అదృష్టం" అనే మాట ఇక్కడ పుట్టిందే. కారణం లేక కాదు, కారణాలు మరీ ఎక్కువై, ఏది ఏదో తెలియక.

మడుగు పద్ధతి దీనికన్నా మేలు. ఒక రంగు మధ్యలో పోసి, దాని మధ్యలో ఇంకోటి, దాని మధ్యలో మరోటి. చెట్టు మాను కోసినప్పుడు కనిపించే వలయాల్లా వస్తాయి. వరస మీకు తెలుసు, ఏది దేని మీద ఉందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. రెండు పొరల పద్ధతి వచ్చినవాళ్ళు రెండో మెట్టుగా దీన్ని పట్టుకోవచ్చు.

ఈడ్చే పద్ధతి మరొకటి ఉంది. రంగులు చారలుగా పోసి, ఒక అంచున వేరే రంగు గీతలా పోసి, తడి కాగితంతోనో వెడల్పాటి రేకుతోనో ఆ రంగును మిగతావాటి మీదుగా సున్నితంగా లాగుతారు. పైన పలచటి పొర పరుచుకుంటుంది. అది కింది రంగుల కన్నా బరువైనదైతే, కింది రంగులు దానిలోంచి చిన్న చిన్న గదులుగా తన్నుకొస్తాయి. సికేరోస్ రహస్యమే మళ్ళీ! ఇది తెలియనివాళ్ళు పది రకాల రంగులు ఈడ్చి చూసి, ఏదో ఒకటి పనిచేస్తే దాన్ని "మంచి బ్రాండు" అంటారు. తూచినవాళ్ళు ముందే చెప్పగలరు. కాకపోతే దీనికి చేతి ఒత్తిడి సమంగా ఉండాలి, అది అభ్యాసం మీద గాని రాదు. గీత గీయటం రానివాళ్ళ పని అనేవాళ్ళు ఒకసారి ఈడ్చి చూడాలి.

ఊదే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. జుట్టు ఆరబెట్టే యంత్రంతో గాలి కొట్టి రంగును రేకుల్లా పరుస్తారు. పూలలాగా వస్తుంది, ముచ్చటగా ఉంటుంది. గాలి విసురును కొలవటం మనకు కుదరదు. నోటితో గొట్టం పెట్టి ఊదటం చిన్నపిల్లలకు అసలే వద్దు, ఊదబోయి పీల్చేస్తారు.

ఇక సిలికోన్ నూనె. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పెద్ద పెద్ద గదులు రావటానికి రంగులో రెండు మూడు చుక్కలు ఈ నూనె వేస్తారు. అది రంగు కన్నా తేలిక, రంగులో కలవదు. తలతన్యత కూడా చాలా తక్కువ, నీటి తలతన్యతలో మూడో వంతు కూడా ఉండదు. చారు మీద తాలింపు నూనె బొట్లుగా తేలినట్టు పైకి తేలి, అక్కడ పరుచుకుని, రంగును పక్కకు నెట్టి గుండ్రటి ఖాళీలు చేస్తుంది. తమాషాగా ఉంటుంది, కాదనను. పెద్దవాళ్ళు తమ బొమ్మల్లో ఏం వేసుకుంటారో వాళ్ళ ఇష్టం.

కాని బళ్ళోకి మాత్రం వద్దంటాను. మొదటి కారణం, అది వేసిన తర్వాత గది ఏర్పడింది సాంద్రత వల్లనా, నూనె వల్లనా అన్నది చెప్పలేం. అర్థం చేసుకోవాల్సిన అసలు సంగతి మీద మూత పెట్టేస్తుంది. రెండో కారణం, ఆరిన తర్వాత ఆ నూనె బొమ్మ మీదే ఉండిపోతుంది. దాని మీద వార్నిష్ వేస్తే అక్కడక్కడ పట్టుకోక గుంటలు పడుతుంది. నూనె మొత్తం తుడిచి తీయటం ఓ ప్రయాస. వీడియోల్లో కొందరు నూనె వేశాక పైన గ్యాసు మంట కూడా ఆడిస్తారు. తరగతి గదిలో మంట ఎందుకు? బుడగలు పోవాలంటే పలకను బల్ల మీద నాలుగు సార్లు తట్టండి, మిగిలినవాటిని పుల్లతో పొడవండి.

తలతన్యత చేసే వింతలు చూడాలని ఉంటే శుభ్రమైన దారి వేరే ఉంది. పళ్ళెంలో పాలు పోసి, వంటల్లో వాడే రంగు చుక్కలు వేసి, మధ్యలో సబ్బు ద్రవం అంటిన పుల్ల ముంచండి. రంగులు ఎలా పారిపోతాయో చూడండి. జపానులో ఒక కళాకారిణి ఆక్రిలిక్ రంగు మీద ఆల్కహాలు కలిపిన సిరా బొట్లు వేసి చెట్టుకొమ్మల్లాంటి ఆకారాలు పుట్టిస్తుంది. దాని వెనక ఉన్న తలతన్యత లెక్కను ఒకినావాలోని శాస్త్రజ్ఞులు 2024లో విడమరిచి చెప్పారు. ద్రవం మీద ద్రవం ఆడే ఈ ఆట మన దక్కనుకూ కొత్త కాదు. చిక్కటి నీటి మీద రంగులు తేల్చి, కదిపి, వాటి మీద కాగితం వాల్చి అచ్చు తీసే అబ్రీ అనే పని 17వ శతాబ్దంలో బీజాపూరు చిత్రకారుల చేతిలో గొప్పగా పండింది. గుర్రాల బొమ్మల్నే ఆ చారలతో నింపారు. అక్కడ రంగు నీటి మీద తేలుతుంది. మన పలక మీద రంగు రంగులోకి దిగుతుంది. తేడా అంతే.

ఇప్పుడు ఖర్చు లెక్క. ఇది ఎవరూ వేయరు, అందుకే నేను వేస్తున్నాను. 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉన్న పలక మీద రంగు ఒక మిల్లీమీటరు మందాన నిలవాలంటే ఎంత కావాలి? 30ని 30తో గుణించి, దాన్ని 0.1 సెం.మీ.తో గుణిస్తే 90 ఘన సెం.మీ., అంటే 90 మి.లీ. ఇది పలక మీద నిలిచే రంగు మాత్రమే. గ్లాసు బోర్లించి పలకను వంచినప్పుడు మూలలు నిండాలంటే అంచుల మీదుగా కొంత కారిపోవాల్సిందే. కారిందాన్ని వదిలేసినా, 40 మంది ఉన్న తరగతికి 3,600 మి.లీ. అయింది. మూడున్నర లీటర్ల పైమాట! ఆక్రిలిక్ ట్యూబు ధర తెలిసినవాళ్ళకు గుండె ఆగుతుంది. పింగాణీ పలకల లెక్క చూడండి. అయిదుగురికి ఒక జట్టు చొప్పున 8 జట్లు. జట్టుకు నాలుగు పలకలు, పలకకు మించి మించి 20 మి.లీ. మొత్తం కలిపినా 640 మి.లీ. లోపే. అందులోనూ సగం జిగురూ నీళ్ళే.

డబ్బు ఒక్కటే కాదు. ఆక్రిలిక్ రంగు నీళ్ళతో కడిగితే పోతుంది గనక హాని లేదని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. ఆ రంగులో ఉన్న జిగురు ప్లాస్టిక్కే. కంటికి కనిపించనంత సన్నటి ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుతూ ఉంటాయి. పలక మీద నీరు ఆవిరైపోతే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి. ఆ పొర మళ్ళీ నీటిలో కరగదు, ఆక్రిలిక్ బొమ్మ తడిసినా చెదరదు అందుకే. అదే రంగును కొళాయి కింద కడిగేస్తే ఆ రేణువులు అలాగే కాలవకు, కాలవ నుంచి చెరువుకు పోతాయి. ఒక తరగతి వేసే బొమ్మలతో చెరువు పాడైపోతుందని భయపెట్టను. కాని పది బళ్ళు, వంద బళ్ళు సరదాగా లీటర్లు ఒలికించటం మొదలెడితే అది సరదా కాదు.

కాబట్టి ఒలికించే ముందే బల్ల మీద పాలిథిన్ కాగితం పరవండి. దాని మీద కారిన రంగును ఆరనిచ్చి, తోలు ఊడదీసినట్టు ఊడదీసి చెత్తబుట్టలో వేయండి. గ్లాసుల్ని ముందు పాత న్యూస్‌పేపరుతో గట్టిగా తుడవండి. తొలిసారి కడిగిన నీళ్ళను కాలవలో పోయకుండా పాత బేసినులో పోసి ఎండలో పెట్టండి. మన ఎండలకు రెండు మూడు రోజుల్లో నీరు ఆవిరై, అడుగున రంగు పెచ్చు మిగులుతుంది. దాన్ని గీకి పారేయొచ్చు.

బొమ్మను మాత్రం ఎండలో పెట్టకండి. ఫ్యాను కిందా వద్దు. పై పొర ముందు ఆరి బిగుసుకుంటుంది, కింద ఇంకా తడి ఉంటుంది. ఆ తడి కూడా ఆరి కుంచించుకునేటప్పుడు పై పొర చీలి, ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు వస్తాయి. మందంగా పోసినవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. అట్టపెట్టె బోర్లించి దాని కింద నీడన రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. దుమ్ము కూడా పడదు. ఒక పలకను కావాలని ఫ్యాను కింద పెట్టి, ఇంకోటి పెట్టె కింద పెట్టి పోల్చి చూడటమూ మంచి ప్రయోగమే.

ఒక మాట కూడా చెప్పాలి. సికేరోస్ వాడాడు కదా అని కార్ల రంగు, ఇంటి తలుపుల రంగు, టర్పెంటైను లాంటివి తెచ్చి బళ్ళో ఒలికించకండి. వాటి ఆవిరి మంచిది కాదు, నిప్పు అంటుకునే గుణం కూడా ఉంది. నీళ్ళతో కలిసే రంగు చాలు.

డ్రాయింగు మాస్టార్లు నా మీద కోప్పడుతున్నారని తెలుసు. "తూకాలు, కొలతలు అంటావు, బొమ్మ సంగతేమిటి?" అంటారు. పొలాక్‌నే అడుగుదాం. ధారలు కార్చి బొమ్మలు వేసిన ఆయన పనిని కూడా 2019లో పరిశోధకులు పరీక్షించారు. తేనె ధార కిందపడేటప్పుడు చుట్టలు చుట్టుకోవటం మీరు చూశారు కదా? చిక్కటి రంగు ధారా అలాగే చుట్టుకోవాలి. పొలాక్ గీతల్లో ఆ చుట్టలు దాదాపుగా ఉండవు. చేయి ఎంత ఎత్తున ఉండాలో, ఎంత వేగంగా కదలాలో ఆయనకు అభ్యాసంతో తెలిసిపోయిందని వాళ్ళు తేల్చారు. ఆయన సూత్రాలు రాసుకోలేదు, అయినా రంగు మాట వినేలా చేసుకున్నాడు. కొలత వచ్చినవాడి బొమ్మ పాడవుతుందన్న భయం నాకు లేదు. తెలుపు దిగుతుందనీ, నీలం తేలుతుందనీ తెలిసిన పిల్లవాడే, ఎక్కడ దిగాలో ఎక్కడ తేలాలో కోరుకోగలడు.

అలాగని మీరు గ్లాసు బోర్లించకుండా ఉండరని కూడా నాకు తెలుసు. బోర్లించండి. నాలుగు పలకల పని అయ్యాక, మిగిలిన రంగుతో, చిన్న పలక మీద. బోర్లించే ముందు ఒక కాగితం మీద ఏ రంగు ఎక్కడ తేలుతుందో రాసి మడిచి పెట్టుకోండి. తర్వాత విప్పి చూసుకోండి.

ఇక సైన్సు ప్రదర్శనలకు మార్కులు వేసే పెద్దలకు ఒక విన్నపం. ఒలికించిన బొమ్మ ఎవరైనా తెస్తే, దాని అందం చూసి మార్కులు వేసేయకండి. ముందు ఏ రంగు పోశారో, ఏది ఎంత తూగిందో అడగండి. వరస తిరగేసిన రెండో పలక ఏదీ అని అడగండి. మచ్చ ఒక్కటీ లేకుండా నల్లగా, చప్పగా ఉన్న ఆ రెండో పలకను కూడా దాచకుండా బల్ల మీద పెట్టి, అది ఎందుకు అలా ఉండిపోయిందో చెప్పగలిగిన జట్టుకు మొదటి బహుమతి ఇవ్వండి.